దారిలో ఉన్నాను

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ గోడవార కూర్చున్నవాళ్ళు కూడా ఇటు రండి, నా గొంతు అంత దూరం రాదు. చాప చాలకపోతే గచ్చు మీదే కూర్చోండి, చల్లగా ఉంటుంది. ఇవాళ లెక్కలు లేవు, ఒక నర్సమ్మ కథ ఉంది. భయమేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి గానీ మధ్యలో లేచిపోకండి. సగం విన్న కథే మనిషిని ఎక్కువ పీడిస్తుంది.

నరసన్నపేట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో కాంతం అనే నర్సమ్మ ఉండేది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో చిన్న డాబా ఇల్లు. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, షీబా. రెండువేల పదమూడో సంవత్సరంలో, వానాకాలం చివర, షీబా తొలి పురిటికి పుట్టింటికి వచ్చింది.

అప్పుడే ఇంటికి ఇంటర్నెట్ కావాల్సి వచ్చింది. పై ఆఫీసువాళ్ళు రిపోర్టులన్నీ ఈమెయిల్లో పంపమన్నారు. అల్లుడు శాంతికుమార్‌కి రాయపూర్‌లో ఉద్యోగం, రోజూ సాయంత్రం భార్య ముఖం చూడకపోతే అన్నం దిగదు. సెల్‌ఫోన్ సిగ్నలేమో డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడితే వచ్చేది.

కబురు తెలిసి ఇద్దరు ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. ఒకడు కేబుల్ కొండబాబు. రెండోవాడు టెలిఫోన్ ఆఫీసు లైన్‌మాన్ గంగులు.

"నర్సమ్మగారూ, నా వైరు ఏసుకోండి. రేపు పొద్దున్నకల్లా నెట్టు పరిగెడతాది. ఆ పాత ఫోనులు ఎవలికి కావాలండీ ఇప్పుడు, మూజియంలో ఎట్టుకోడానికా?" అన్నాడు కొండబాబు.

"ఒరే, నీ వైరు మీద కాకి వాల్తే తెగిపోద్ది. మొన్న మీ మావ ఇంటికాడే మూడ్రోజులు ఆగిపోనాది కాదేటి? ముందు అది సూడు," అన్నాడు గంగులు.

కాంతం ఇద్దరికీ టీ ఇచ్చి ఆలోచించింది. కేబుల్ నెట్టు చౌక. కానీ తుఫాను వస్తే కరెంటు పోతుంది, టవర్లు పడిపోతాయి. వైరు ఫోనుకి ఇంట్లో కరెంటుతో పనిలేదు, దానికి బలం ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది. ఇంట్లో నిండు చూలాలు. ఏ గంటకి అంబులెన్సును పిలవాలో ఎవరికి తెలుసు? అందుకని టెలిఫోన్ ఆఫీసు లైనే వేయించుకుంది. మాట్లాడటానికి ఫోను, అదే తీగ మీద నెట్టు.

నంబర్లు రెండే ఖాళీగా ఉన్నాయని గంగులు చీటీ తీశాడు. మొదటి నంబరు మధ్యలో మూడు ఆరులు వరసగా ఉన్నాయి.

"ఇది నాకొద్దు. బైబిల్లో మృగం అంకె అది. పాస్టరుగారు ఫోను చెయ్యాలంటే ఆ అంకె నొక్కాలా?"

గంగులు తల గోక్కున్నాడు. "అమ్మా, ఆరులదే మంచిదండి. ఈ రెండోది వద్దు. ఇద్దరు తీసుకున్నారు, ఇద్దరూ నెల తిరక్కుండా ఒగ్గేసినారు. సంజెకాడ మోగుతాదంట."

"ఫోనన్నాక మోగదేటి గంగులూ? మాకు ఆ దెయ్యాల పట్టింపులు లేవు. రెండోదే రాసుకో."

చూశారా పిల్లలూ? ఒక భయాన్ని గుమ్మం బయటే ఆపింది. రెండోదానికి తానే తలుపు తీసింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. అయిదో రోజు, దీపాలు పెట్టే వేళ. షీబా పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని మొగుడితో పోట్లాడుతోంది. ఫోను మోగింది. కాంతం రిసీవర్ చెవికి ఆనించగానే ఏదో ఈదురుగాలి చప్పుడు. సరుగుడు చెట్లలో తిరిగే గాలి ఎలా ఈల వేస్తుందో అలా. వెనకాలే ఒక ఆడగొంతు, ఆయాసపడుతూ...

"అమ్మా... నొప్పులొచ్చేసినాయి. బయల్దేరినారా?"

నర్సులకి ఒక అలవాటుంటుంది. నొప్పులు పడే మనిషికి "ఉండు, చూస్తాను" అని చెప్పరు. చెబితే ఆ మనిషి బెదిరిపోతుంది. చెప్పులు ఇంకా వాకిట్లోనే ఉన్నా సరే, ఇరవై రెండేళ్ళుగా కాంతం నోట వచ్చే మాట ఒక్కటే.

"బయల్దేరిపోయాను తల్లీ, దారిలో ఉన్నాను. ఇల్లెక్కడ?"

"సరుగుడు తోట అవతల... ఆకరి ఇల్లు."

లైను తెగిపోయింది. కాంతం అంబులెన్సుకి చెప్పి, సంచి తీసుకుని, దానితోపాటే వెళ్ళింది. సరుగుడు తోట దాటితే ఇసుక. ఇసుక దాటితే సముద్రం. ఇల్లు లేదు. డ్రైవరు లైట్లు అటూ ఇటూ తిప్పాడు. ఎండబెట్టిన చేపలు గంపలోకి ఎత్తుకుంటూ కూర్మమ్మ అనే ముసలామె కనిపించింది.

"ఆకరి ఇల్లా? ఓలమ్మా, దాన్ని గంగమ్మ మింగేసి పన్నెండేళ్ళు అయిపోనాది కదే! ఎవులు పిలిసినారు నిన్ను?"

"ఎవరో ఆడమనిషి. పురుటి నొప్పులంది."

కూర్మమ్మ చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. "లచ్చమణమ్మ... దానికి తుపాన్లో నొప్పులొచ్చినాయి. జీపు కోసరం పోతురాజుకి ఫోను సేయించినారు. 'బయల్దేరినాను, దారిలో ఉన్నాను' అన్నాడు ఆడు. ఫోను సేసినన్నిసార్లూ అదే మాట. జీపు ఆడి వాకిట్లోనే ఉన్నాది. తెల్లారేక ఇల్లూ నేదు, పిల్లా నేదు. తరవాత ఆడి ఇంట్లో ఫోను ఆగకుండా మోగేదట. ఊరొగ్గేసి పోనాడు."

పోతురాజు ఫోను నంబరు కాంతం అడగలేదు. అడగకుండానే తెలిసిపోయింది.

మర్నాడు సంజెవేళ మళ్ళీ మోగింది. ఎత్తకూడదనుకుంది. షీబా, "అమ్మా, ఎత్తవేటి? ఆయన మాట వినబడటం లేదు!" అని అరిచింది. ఎత్తింది.

"దారిలో ఉన్నానన్నావు కదా నర్సమ్మా... తోట దాకా నడిసొచ్చినాను. దారిలో నువ్వు అగుపడనేదు."

మూడో సాయంత్రం... "ఉప్పు మడుల కాడ కూకున్నాను. నడవనేకపోతన్నాను."

నాలుగో సాయంత్రం మాటకంటే ముందు వాసన వచ్చింది. రిసీవర్ చిల్లుల్లోంచి నాచు వాసన, తడి గుడ్డల వాసన.

"చర్చి గేటు కాడున్నాను. నీ ఇల్లు ఏ పక్క?"

చర్చి గేటు నుంచి కాంతం ఇంటికి నలభై అడుగులు.

కాంతం ఫోను తీగ గోడలోంచి పీకేసింది. సెట్టుని తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టింది. నెట్టు పెట్టెకి పోయే తీగ మాత్రం ఉంచింది. నంబరు మార్చమని గంగులుకి చెబితే, అర్జీ పెట్టాలి, పదిహేను రోజులు పడుతుందన్నాడు. పురుటికి ఇంకా పది రోజులుంది. కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు. మూడు సాయంత్రాలు ప్రార్థన చేసుకుని పడుకుంది. ఏ చప్పుడూ లేదు.

ఆ తర్వాత తుఫాను వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికే ఊరు చీకటైపోయింది. కరెంటు పోయింది, దాంతో నెట్టూ పోయింది. సెల్‌ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది. ఇలాంటి కథల్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. షీబా మంచం పట్టె పట్టుకుని, "అమ్మా... నడుం విరిగిపోతన్నాదే," అంది.

కాంతం చెయ్యి పెట్టి చూసింది. బిడ్డ అడ్డంగా తిరిగి లేదు, అదొక్కటే మేలు. కానీ బిడ్డ గుండె చప్పుడు నెమ్మదిస్తోంది. డాక్టరు కావాలి. అంబులెన్సు కావాలి. ఇంట్లో ప్రాణం ఉన్న వస్తువు ఒక్కటే, బీరువా మీద తువ్వాల్లో.

స్టూలెక్కి దించింది. తీగ గోడలో గుచ్చింది. రిసీవర్ ఎత్తింది.

డయల్ టోన్ లేదు.

ఊపిరి ఉంది. దూరం నుంచి కాదు... చాలా దగ్గరగా.

"తలుపు తియ్యి నర్సమ్మా. తడిసిపోనాను."

వీధి తలుపు గాలికి కొట్టుకుంటోంది. గాలికేనా? కాంతం అటు చూడలేదు.

"లైను ఒదులమ్మా..." గుసగుసగా అంది. "నా కూతురు చచ్చిపోతాది. నీకు దండం పెడతాను."

"నాకు పురుడు పోసెయ్యి. నాకు పోసెయ్యి ముందు..."

వెనక షీబా కేక పెట్టింది. అదే క్షణంలో రిసీవర్లో కూడా ఒక కేక. ఒకే నొప్పి. రెండు గొంతులు.

అప్పుడు కాంతంలో భయం పక్కకి తప్పుకుంది పిల్లలూ. నర్సు మిగిలింది. రిసీవర్ తెచ్చి కూతురి తలగడ పక్కన పెట్టింది. అందులోకి గట్టిగానే చెప్పింది.

"లక్ష్మణమ్మా, తలుపు తియ్యను. ఉన్నచోటే వెల్లకిలా పడుకో. నేను చెప్పినట్టు చెయ్యి. ఈసారి నేను ఎక్కడికీ పోను."

"అమ్మా, ఎవరితో మాటాడతన్నావు?"

"నువ్వు ఊపిరి తీసుకోవే. ఆ... ఇప్పుడు. ఇద్దరూ."

ఎంతసేపో తెలియదు. లాంతరు చిమ్నీ నల్లబడిపోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా రెండు మూలుగులు. కాంతం చేతులు ఒకరి మీద, మాటలు ఇద్దరికీ. చివరికి బిడ్డ చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. నీలంగా ఉంది. ఏడవలేదు.

ఏడుపు రిసీవర్లోంచి వచ్చింది.

పసిబిడ్డ ఏడుపు. గట్టిగా... ఆరోగ్యంగా...

కాంతం మనవరాలి నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. తలకిందులు చేసింది. వీపు రుద్దింది. ఏమీ లేదు. అవతల బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆడగొంతు అంది, "ఏడిసినాది... నా పిల్ల ఏడిసినాది నర్సమ్మా..."

"సంతోషం తల్లీ. ఇక వెళ్ళు. నా పిల్లనొదిలి వెళ్ళు."

చాలాసేపు గాలి. ఆ తర్వాత టక్కుమని చిన్న చప్పుడు. రిసీవర్లో డయల్ టోన్, సన్నగా, మామూలుగా మోగింది. కాంతం చేతిలో బిడ్డ ఒక్కసారి ఎగిరిపడి, కెవ్వుమంది.

ఊరివాళ్ళు చెట్లు నరికి దారి చేస్తే, కాంతం ఫోన్లో పిలిచిన అంబులెన్సు మర్నాడు సాయంత్రానికి వచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. వారం తిరిగాక ఇంటికి తెచ్చుకున్నారు. గంగులు వచ్చి ఆ ఫోను విప్పుకుపోయాడు. కొండబాబు నవ్వుకుంటూ వచ్చి కేబుల్ నెట్టు వేశాడు. "నేను ముందే సెప్పలేదేటండీ?" అన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు మోగేది ఏదీ లేదు. ఆమె కడుపునిండా తిని, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

తెల్లవారుజామున మూలుగు విని లేచింది. షీబా మంచం మీద కళ్ళు మూసుకునే ఉంది. కుడిచేతి మడతలో పాప పాలు తాగుతోంది. ఎడమచెయ్యి రెండో పక్కన, ఖాళీ పరుపు మీద, మెల్లగా జోకొడుతోంది.

"ఏటే అది?" అంది కాంతం.

షీబా నిద్రలోనే విసుక్కుంది. "ఒకదాన్ని నువ్వు ఎత్తుకోవే అమ్మా... ఇద్దరూ ఒకేసారి లేస్తన్నారు."

కాంతం వంగి చూసింది. ఎడమచేతి కింద పరుపు, చిన్న తలకాయంత మేర, కిందికి నొక్కుకుని ఉంది.

ఊఁ... ఏం రా, అందరూ ఒకరి ఒళ్ళో ఒకరు ఎక్కి కూర్చున్నారు? ఆ తర్వాత ఏమైందని నన్నడగకండి, కాంతం నాకు అంతవరకే చెప్పింది. లేవండి. పొయ్యి మీద అన్నం ఉడికిపోయి ఉంటుంది, అమ్మలు ఎదురు చూస్తుంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి. ఇద్దరిద్దరుగా పోండి.