పనిచేయని బటన్‌కు మూడు పేజీల ప్రశంస

"ఈ బటన్ దండగండీ" అన్నాడతను, కారు తాళం ఇంకా చేతికి రాకముందే.

ఆ మాట అన్నది కార్ల పత్రికలో కొత్త కార్లను నడిపి, వాటి గుణదోషాలు రాసే యువకుడు. ఆఫీసులో అందరూ అతణ్ణి డాక్టరు అని పిలిచేవారు. ఏ కారులో ఏ మూల చప్పుడు వినిపించినా చెవి పెట్టి రోగమేమిటో చెప్పగలడని ప్రతీతి. ఆ ప్రతీతిని అతను ఎన్నడూ ఖండించిన పాపాన పోలేదు.

విన్నది ఆ కారును అప్పగించడానికి వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి. పత్రికలవారు నడిపి చూసే కార్లను సిద్ధం చేయడం కంపెనీలో ఆమె ఉద్యోగం. నీలిరంగు యూనిఫాం, పై జేబులో టైర్ల గాలి కొలిచే గేజీ, మాట్లాడేవారిని సూటిగా చూసే కళ్ళు.

కారు చిన్నది, ఇంజిన్ బలమైనది. అటువంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. ఈ కారులో గేరు పక్కనే ఒక బటన్ ఉంది. గతుకుల దెబ్బ మనిషిదాకా రాకుండా చక్రాల దగ్గరే కాచుకునే సస్పెన్షన్‌ను అది మూడు రకాలుగా మారుస్తుంది: కంఫర్ట్ అంటే మెత్తన, నార్మల్ అంటే మామూలు, స్పోర్ట్ అంటే బిగుతు. ఆ సదుపాయం కావాలనుకున్నవారు కారు ధర మీద మరికొంత చెల్లించాలి.

"నడపకుండానే దండగని చెప్పేశారే" అందామె.

"ఇలాంటివి చాలా చూశానండి. ఇంత చిన్న కారుకి మూడు రకాలెందుకు? ఒక్కటి సరిగ్గా కుదిర్చి ఇస్తే చాలదా?"

"ఎవరికి సరిగ్గా?"

"నడిపేవాడికి."

"పక్కన కూర్చునేవాళ్ళు మనుషులు కారా?"

"నా పక్కన కూర్చునేది మా మేనత్త ఒక్కతేనండి. ఆవిడకి ఏ కారైనా ఒకటే."

"పాపం ఆవిడ" అని ఆమె తాళం అతని అరచేతిలో పెట్టింది. "వారం రోజులు నడపండి. తేడా మీకే తెలుస్తుంది."

"తెలియకపోతే?"

"తెలియలేదనే రాయండి. నేనేమీ అనుకోను."

ఆమె నవ్వింది. గెలుస్తాననే ధీమా కాదు అందులో ఉన్నది. తన చేతిమీదుగా వెళ్ళిన పని మీద తనకున్న నమ్మకం. అప్పుడే చినుకులు మొదలైనాయి. ఆమె గొడుగు లేకుండా, తొందరపడకుండా, గేటు దాటి నడిచి వెళ్ళింది. కారులో కూర్చోవలసిన డాక్టరు తడుస్తూ అక్కడే నిలబడ్డాడు.

ఆ కారు మీద రాయబోయే వ్యాసం అతనికి మామూలు వ్యాసం కాదు. పత్రికలో రోడ్ టెస్ట్ విభాగానికి కొత్త అధిపతి కావలసి ఉంది. "ఇది చూసి నిర్ణయిస్తాను" అని ఎడిటర్ గారు ముందే చెప్పి ఉన్నారు.

మర్నాటి నుంచి అతను మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి విరమించిన మనిషి. రోగుల దగ్గర ఎంత ఓర్పో, మాటలో మొహమాటం అంత తక్కువ.

"ఇదిగో అత్తా, కంఫర్ట్. దూది మీద పోతున్నట్టు లేదూ?"

"లేదు."

"ఇప్పుడు స్పోర్ట్ పెట్టాను. నడుముకి తగిలిందా?"

"ఇందాకటిలాగే ఉందిరా."

"నీకు అలవాటు లేదులే."

"నడుము నాదిరా. దానికి అలవాటేమిటి?"

అతను పట్టించుకోలేదు. అతనికి మాత్రం తేడా తెలిసింది. మొదటిరోజు కొంచెం తెలిసింది, రెండో రోజు బాగా తెలిసింది, నాలుగో రోజుకు అది లేని కారును ఎలా నడిపేవారా అని జాలి కలిగేంత తెలిసింది. మూడు పేజీలు రాశాడు. తన పాత అభిప్రాయాన్ని తానే తప్పుపట్టుకుని, ఆ బటన్‌కు చేయగలిగినంత సత్కారం చేశాడు.

సోమవారం కారు తీసుకోవడానికి ఆమె వచ్చింది.

"మీరు గెలిచారండి" అన్నాడు.

"నేనేం పందెం వేయలేదుగా" అంది గానీ, ముఖం వెలిగింది.

"ఒక వాక్యం వినండి. 'బటన్ నొక్కగానే ఈ కారు మనసు మార్చుకుంటుంది.' ఎలా ఉంది?"

"బాగుంది. కారుకి కాస్త ఎక్కువైందేమో."

"పత్రిక గురువారం మధ్యాహ్నం అచ్చుకి వెళ్తుంది. మీకో కాపీ పంపిస్తాను."

"పంపించండి. మా నాన్నకి చూపిస్తా" అని ఆమె కారెక్కి వెళ్ళిపోయింది.

మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కారు లేదు, నవ్వు లేదు. అతని బల్ల ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"మీ వ్యాసం ఇచ్చేశారా?"

"ఎడిటర్ గారి బల్ల మీద ఉంది. ఏం, తప్పులేమైనా కనపడ్డాయా?"

"వ్యాసంలో కాదండి. కారులో." ఆమె రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. "కార్లని లారీ మీద తెచ్చేటప్పుడు సస్పెన్షన్ మారకుండా కంప్యూటర్‌తో లాక్ వేస్తాం. దించాక తీసేయాలి. మీకిచ్చిన కారుకి నేను తీయలేదు. మర్చిపోయాను. ఇవాళ ల్యాప్‌టాప్ తగిలిస్తే బయటపడింది."

"లాక్ ఉంటే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. తెర మీద అక్షరాలు మారతాయి. కింద మాత్రం ఎప్పుడూ నార్మలే."

డాక్టరు మెల్లగా కలం కింద పెట్టాడు.

"అంటే నేను స్పోర్ట్ పెట్టినప్పుడు..."

"నార్మల్."

"కంఫర్ట్?"

"అదీ నార్మలే."

"మరి నా నడుముకి తెలిసిన తేడా?"

"మీ నడుము సంగతి నాకు తెలీదండి."

ఆమె ఎగతాళికి అనలేదు. అయినా అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒక పెద్ద పదవికీ తనకూ మధ్య ఇప్పుడొక పనిచేయని బటన్ నిలబడి ఉందని అతనికి అర్థమైంది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా" అన్నాడు చివరకు.

"చెప్తే మా సూపర్‌వైజర్ నన్నేమంటాడో నాకు తెలుసు. చెప్పకపోతే మీరు రాసింది నమ్మి ఎవరో డబ్బు పోసి ఆ బటన్ కొంటారు."

"కొంటే నష్టమేముంది? లాక్ తీసేసిన కారులో అది నిజంగానే పనిచేస్తుందిగా. అప్పుడు నేను రాసింది కూడా నిజమే అవుతుంది. ఒక్క ముక్క మార్చక్కర్లేదు."

ఆమె అతనివైపు కాసేపు చూసింది. వాదించి ఉంటే అతనికి సులువుగా ఉండేది.

"మీ ఇష్టమండి" అని, వచ్చినంత నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళాక అతను మేనత్తకు జరిగినదంతా చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ వింది. "నేను చెప్పలేదూ" అని అనడానికి ఆవిడకు సంపూర్ణమైన హక్కు ఉంది. ఆవిడ దాన్ని వదులుకునే రకం కాదు.

"నేను చెప్పలేదూ" అంది.

"చెప్పావత్తా."

"కారులో నాకు ఏ తేడా తెలీలేదు గానీ, నీలో తెలిసింది. వారమంతా ఆ కారు గురించి ఎన్ని మాటలు చెప్పావో, ఆ అమ్మాయి గురించి అంతకు రెట్టింపు చెప్పావు. బటన్ నొక్కినప్పుడల్లా 'తెలుస్తుందని ఆవిడ అంది' అంటావు. తెలియకుండా ఎట్లా ఉంటుంది మరి?"

అతను ఉల్లిపాయ తొక్కలు ఏరి బుట్టలో వేశాడు.

"రేపు ఏం చేస్తావు?"

"ఆ అమ్మాయికి కోపం రాకపోవడమే నన్ను చంపేస్తోందత్తా."

"అడిగింది అది కాదు."

ఆరు గంటలకు అతను ఆమెకు ఫోన్ చేశాడు. "లాక్ తీసిన కారు రేపు పొద్దున ఒక్క రెండు గంటలు ఇప్పించగలరా? నేను నడపను. మీరే నడపాలి. నా కళ్ళకి గంతలు కడతాను."

అవతల ఆమె అడిగింది: "స్కోరు ఎవరు రాస్తారు?"

"మా మేనత్త. నా మీద ఆవిడకి దయాదాక్షిణ్యాలు లేవు."

బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు పరీక్ష మొదలైంది. ఆమె స్టీరింగ్ దగ్గర, అతను పక్క సీటులో కళ్ళకు తువ్వాలు కట్టుకుని, మేనత్త వెనుక సీటులో నోటు పుస్తకంతో. కంఫర్ట్, స్పోర్ట్ ఈ రెండింటిలో ఆమె ఏది పెట్టిందో అతను చెప్పాలి. ముందుగా ఊరి నడుమ నున్నటి రోడ్డు మీద పదిసార్లు.

"స్పోర్ట్" అన్నాడు.

"తప్పు" అంది వెనుక సీటు.

"కంఫర్ట్."

"తప్పు."

"ఇది... తెలీడం లేదండి."

"తెలీదని రాయనా?" అంది మేనత్త.

"రాయి."

పదింటిలో నాలుగే సరిపోయాయి. తువ్వాలు కింద అతని పెదవులు బిగుసుకోవడం ఆమె చూసింది. కానీ తువ్వాలు విప్పమని అతను అడగలేదు. "గతుకుల రోడ్డుకి పదండి" అన్నాడు.

పాత గోదాముల వెనుక లారీలు తిరిగి తిరిగి పగిలిపోయిన రోడ్డు ఉంది. అక్కడ పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాడు. బిగుతుగా ఉన్నప్పుడు ప్రతి గుంటా పళ్ళదాకా వచ్చింది. మెత్తగా ఉన్నప్పుడు అదే గుంట ఎక్కడో దూరాన ఎవరికో తగిలినట్టు ఉండి పోయింది. ఈసారి మేనత్త కూడా ఒప్పుకుంది.

"ఇది నాకూ తెలిసిందిరా. మెత్తగా ఉన్నదే ఉంచమ్మా, వెనక్కి ఇలాగే పోదాం."

తరువాత అతను తువ్వాలు విప్పి, ఊరి చివరి మలుపుల రోడ్డు మీద తానే నడిపాడు. స్పోర్ట్‌లో కారు ఒరగకుండా మలుపు తిరిగింది. కంఫర్ట్‌లో కొంచెం ఒళ్ళు వంచింది. అంతే తేడా. మూడు పేజీలంత కాదు, ఒక పేరా అంత.

"ఇప్పుడేం రాస్తారు?" అని ఆమె అడిగింది.

"మొదటినుంచి రాస్తాను."

"లాక్ మర్చిపోయింది నేనని కూడా రాయండి. సూపర్‌వైజర్‌కి నేను నిన్ననే చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"తలకాయ ఎక్కడ పెట్టుకున్నావన్నాడు. ఈ నెలంతా ఆఫీసు తాళాలు తీసేదీ వేసేదీ నేనేనట."

గురువారం పది గంటలకు అతను ఎడిటర్ గారి బల్ల మీద కొత్త వ్యాసం పెట్టాడు. అందులో మొదటి వాక్యం ఇది: 'పనిచేయని బటన్ నొక్కి వారం రోజులపాటు నేను మూడు రకాల సుఖం అనుభవించాను.' చివరి పేరాలో తీర్పు ఉంది. నున్నటి రోడ్ల మీద ఆఫీసుకు వెళ్ళి వచ్చేవారికి ఈ బటన్ అవసరం లేదు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టడం మేలు. ఒకే కారులో ఆదివారం మలుపుల రోడ్డు మీద సరదాపడి, సోమవారం పెద్దవాళ్ళను పగిలిన రోడ్డు మీద తీసుకువెళ్ళేవారికి మాత్రం అది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కొనేముందు పక్కన ఎవరు కూర్చుంటారో లెక్కలోకి తీసుకోండి.

ఎడిటర్ గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది అచ్చు వేస్తాను. అధిపతి పదవి మాత్రం ఇప్పుడు ఇవ్వలేను. లేని కుదుపు తెలిసినవాడికి విభాగం అప్పగించానంటే నన్ను చూసి నవ్వుతారు."

"తెలుసండి."

"వచ్చే ఏడాది మళ్ళీ మాట్లాడదాం. అప్పటిదాకా నీ కింద కాదు, నీ పక్కన ఎవరైనా కూర్చుంటే నీకు మంచిది" అన్నారు. ఆయన దేన్ని ఉద్దేశించి అన్నారో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

పత్రిక వెలువడిన రెండో రోజు ఆమె వచ్చింది. చేతిలో కాపీ ఉంది. ముఖంలో కోపం ఉంది. ఆ కోపం చూసి అతనికి ఎందుకో ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"నా తప్పు ఒక్క ముక్కలో తేల్చేశారు. మీ తప్పు రెండు పేజీలు రాశారు. న్యాయమా ఇది?"

"మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. లేనిది ఉందని రాయడం నా వృత్తిలో ఉన్నవాడు చేయకూడదు."

"పదవి పోయిందట కదా."

"రాలేదు. వచ్చినది పోలేదు."

ఆమె ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక్కటి అడుగుతాను. ఆ వారం నిజంగా మీకు ఎందుకు తెలిసింది, లేని తేడా?"

అతను సమాధానం చెప్పాడు. పత్రికలో రాయడానికి వీలులేని వాక్యం అది.

"తెలుస్తుందని మీరన్నారు. మీరన్నది నిజం కావాలని నాకు చాలా బలంగా అనిపించింది. అంత బలంగా నాకెప్పుడూ ఏదీ అనిపించలేదండి."

ఆమె పత్రికను గుండ్రంగా చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఇప్పుడు అనిపిస్తున్నది కూడా అలాంటిదే అయితే? ఉన్నది కాక, మీరు అనుకుంటున్నదైతే?"

"పరీక్ష పెట్టండి. ఎన్నిసార్లయినా సరే. తెలియకపోతే తెలియదనే చెప్తాను."

"అది నమ్ముతాను" అందామె నెమ్మదిగా. తరువాత, ఏదో ఉద్యోగ విషయం చెబుతున్నట్టు, కిటికీవైపు చూస్తూ అంది: "మా నాన్న ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు. మీరు రాసింది చదివి వినిపించాను. 'తెలీదని అచ్చులో ఒప్పుకున్నాడు, వీణ్ణొకసారి చూడాలే' అన్నారు. ఆదివారం పది గంటలకి రండి. అత్తయ్యగారిని కూడా తీసుకురండి."

"ఏ కారులో రమ్మంటారు?"

"బస్సులో రండి. ఆయన సంతోషిస్తారు."

ఆదివారం ఉదయం అత్తా మేనల్లుడూ బస్సెక్కారు. వెనుక చక్రం మీది సీటు దొరికింది. దారి పొడుగునా తవ్వి వదిలేసిన రోడ్డు. మేనత్త ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ప్రతి గుంటకూ బస్సునూ రోడ్డునూ పేరుపేరునా తిట్టింది. ఆవిడ తరువాత ఆ ఇంటివారందరి ఎదుటా చెప్పిన సాక్ష్యం ప్రకారం, కుదుపులు కనిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న ఆ పెద్దమనిషి మాత్రం, దిగేదాకా కిటికీలోంచి చూస్తూ, "ఈ రోడ్డు చాలా బాగుందే అత్తా" అంటూనే ఉన్నాడు.