వెలుతురు లెక్కపెట్టే బాంబు

ఏన్కూరు అవతల జామాయిల్ తోటలో పొద్దున్నే సాయికృష్ణ శవం దొరికింది. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతను ఎలక్ట్రానిక్స్ ఎక్స్‌పర్ట్. చంపినవాళ్లు జేబులన్నీ వెతికారు గానీ బిగుసుకున్న పిడికిలి విప్పలేకపోయారు. అందులో కందిపప్పంత అద్దం బిళ్ల ఉంది.

మధ్యాహ్నానికి అది ఖమ్మంలో ఒక కిరాయి ఇంట్లో, ఏజెంట్ పూల్‌సింగ్ అరచేతిలో ఉంది.

"ఏంది సార్ ఇది?"

"ఫోటాన్ కౌంటింగ్ సెన్సర్" అన్నాడు చీఫ్ వెంకటేశ్వరరావు. "వెలుతురును కణం కణంగా లెక్కపెడతది. దూరంగా ఎల్‌ఈడీ బల్బును కన్ను పట్టలేనంత స్పీడుగా ఆర్పి వెలిగిస్తరు. మనకు మామూలు దీపమే. దీనికి మెసేజ్."

"రేడియో లేదన్నట్టు."

"లేదు. మన జామర్లు దండగ. బాంబుకు గిది కట్టిన్రనుకో, దీపం చెప్పంగనే పేలుతది."

విదేశీ ముఠా మనిషి ఒకడు నోరు విప్పుతానన్నాడు. ఆ సాయంత్రమే అతన్ని భద్రాచలం నుంచి పోలీసు వ్యాన్‌లో తెస్తున్నారు. ఈలోపే చంపాలని ముఠా చూస్తోంది.

"ముఠాలో మన మనిషి పుష్పలత. ఏ దారి సేఫో ఆమె చెప్తది. నువ్వు లారీ డ్రైవర్ లెక్క పోయి ఆమెను కలువు. సాయికృష్ణ శవాన్ని గప్‌చుప్‌గా తెచ్చినం. పిడికిలి సంగతి మనిద్దరికే ఎరుక."

పొద్దు వాలుతుండగా ఖాకీ చొక్కాలో, కర్ర లోడు లారీతో పూల్‌సింగ్ అడవి రోడ్డు పక్కన ఆగాడు. తెల్ల కారులోంచి నల్లద్దాల పుష్పలత దిగింది. ఆమె వెంటే ఏదో ఖరీదైన అత్తరు వాసన.

"కర్ర పచ్చిదా?"

"బెరడు తీసినం" అన్నాడతను. కోడ్ సరిపోయింది.

"హైవే మీద బాంబుంది. అడవి దారిన రమ్మని చీఫ్‌కు చెప్పిన. వ్యానోళ్లు బయలెల్లిన్రు" అంది. కారెక్కబోతూ ఆగింది. "పాపం సాయికృష్ణ. సచ్చినా పిడికిలి ఇడువలే."

కారు వెళ్లిపోయాక పూల్‌సింగ్‌కు తట్టింది: చంపినవాళ్లకు తప్ప పిడికిలి సంగతి ఆమెకెలా తెలుసు? ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

బాంబు ఈ దారిలోనే ఉంది. కానీ ఎక్కడ? దీపం కనబడాలంటే మధ్యలో చెట్టు అడ్డం ఉండకూడదు. దారంతా టేకు చెట్లే. ఒక్క వాగు వంతెన దగ్గరే అడవి తెరుచుకుంటుంది. అక్కడికి గుట్ట కనిపిస్తుంది.

లారీని వంతెన మొదట్లో ఆపేసరికి మసక కమ్మింది. వెనక గుట్ట మీద ఒక దీపం వెలిగింది. నిశ్చలంగా, అమాయకంగా. ఎదురుగా కాన్వాయ్ జీపు, దాని వెనక వ్యాన్ వంతెన ఎక్కేశాయి.

పూల్‌సింగ్ హెడ్‌లైట్లన్నీ హై బీమ్‌లో వేశాడు. గుట్టను చూసే సెన్సర్ కన్ను తన లారీనీ చూడాలి. ఈ వెలుతురు వరదలో అది లెక్క తప్పాలి.

ఏమీ పేలలేదు. అతను దూకి రెయిలింగ్ పైపులు తడమసాగాడు.

జీపులోంచి ఎస్సై భద్రయ్య దిగాడు. "తాగినవారా? లైట్లు ఆర్పు."

"ఆర్పితే అందరం పోతం సార్. కింద బాంబుంది."

భద్రయ్య నమ్మలేదు. లారీలోకి ఎక్కి స్విచ్ మీద చెయ్యి వేశాడు. అదే క్షణంలో తుప్పు పట్టిన పైపు కొసన పప్పుగింజంత మెరుపు. పూల్‌సింగ్ బొటనవేలితో గట్టిగా మూశాడు.

లారీ లైట్లు ఆరిపోయాయి. గుట్ట మీద దీపం వెలుగుతూనే ఉంది. వాగు చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

వేలి పక్కనుంచి వంతెన కిందికి దిగిన వైరును టార్చ్ వెలుగులో చూశాక భద్రయ్య విజిల్ ఊదాడు. వ్యాన్‌ను వెనక్కి నడిపించాడు. నలుగురు కానిస్టేబుళ్లు గుట్టకు పరుగెత్తారు.

కాసేపటికి దీపం ఆరిపోయింది. భద్రయ్య వైర్‌లెస్ సెట్ తెచ్చి పూల్‌సింగ్ చెవి దగ్గర పెట్టాడు.

"పుష్పలత గుట్ట మీద దీపం కాడనే దొరికింది" అన్నాడు చీఫ్. "బాంబు స్క్వాడ్ బయలెల్లింది. జల్దీ వచ్చి స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టు."

"జరంత ఆగుర్రి సార్" అన్నాడు పూల్‌సింగ్, పైపు మీంచి బొటనవేలు తీయకుండానే. "ప్రస్తుతం వేలిముద్రనే నడుస్తున్నది."