పిలిస్తే పలక్కండి

ఆ సందుకి పేరంటూ లేదు, చెడ్డపేరు మాత్రం దండిగా ఉంది. ఒకవైపు తాగుడు మాన్పించే సెంటరు వెనక గోడ, మరోవైపు పాడుబడ్డ గోడౌను, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి. చీకటి పడ్డాక ఆ గోడ పిలుస్తుందట... గోడంటే గోడే. మీరు అన్నయితే అన్నా అంటుంది, అమ్మయితే అమ్మా అంటుంది. మీ సొంతవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది. పలికారో — మీ వెంటే ఇంటికొచ్చేస్తుంది.

పాల ప్యాకెట్లు వేసే మనిషొకడు "ఎవర్రా?" అన్నందుకు నెల్లాళ్లు మంచం దిగలేదని చెప్పుకునేవాళ్లు. ఎవరా మనిషి అంటే ఎవరికీ తెలీదు. తెలియకపోయినా అందరూ నమ్మారు. నమ్మితే పోయేదేముందిలే అనుకున్నారు.

సెంటరు ముందువైపు సంగతి వేరు. అక్కడ రోడ్డు మీదికి లారీ అంత బోర్డు. తెల్లకోట్ల డాక్టర్లు ఏడుగురు, పచ్చిక, ఈతకొలను, గోడమీద జింక బొమ్మతో 'శాంతి గది'. మీవాణ్ణి మాకివ్వండి, కొత్త మనిషిని చేసిస్తాం అని ఇంతింత అక్షరాలు. ఆ ఏడుగురు డాక్టర్లూ బోర్డు దిగి ఏనాడూ లోపలికి రాలేదు. లోపల ఉన్నది ఒక కాంపౌండరు, అందరికీ ఒకటే పసుపు మాత్ర. నడిపే డైరెక్టరు అంతకుముందు అవే షెడ్లలో కోళ్లు పెంచాడు. కోళ్లకి తెగులొస్తే మాత్రం డాక్టర్ని పిలిపించేవాడట, మహానుభావుడు.

ఇవన్నీ తర్వాత బయటపడ్డ సంగతులు. టైలరమ్మ చూసింది బోర్డునే.

ఆమెది చిన్న షాపు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చొక్కాలు కుట్టడం. నడుముకి ఎప్పుడూ ఒక కొక్కెం ఉండేది. షాపు తాళాలు, ఇంటి తాళాలు, బుల్లి కత్తెర, అన్నీ దానికే. నడిస్తే గలగల. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతిలో బంగారం లాంటి పని, కానీ పళ్లు తోమకముందే సీసా కావాలి. "నీ తాళాలు మంచివే అక్కా, నువ్వు వీధి మలుపులో ఉండగానే వినపడతాయి, దాచుకోడానికి టైముంటుంది," అనేవాడు. ఆమె కొట్టబోయి నవ్వేసేది. చిన్నప్పట్నుంచి పెంచింది ఆమే మరి, ఎంత కోపమని తెచ్చుకుంటుంది?

చేర్చేరోజు గేటు దగ్గర వాడు ఆగాడు.

"ఇక్కడ బాగాలేకపోతే నిన్ను పిలుస్తా అక్కా. వస్తావుగా?"

"పిలిచి చూడరా. పలక్కపోతే అప్పుడడుగు."

చేర్చడానికి ముందే సెంటరువాళ్లు ఇచ్చిన సామాన్ల చీటీలో సబ్బు, దువ్వెనలతోపాటు 'కాలరున్న చొక్కాలు మూడు, మూడు రంగులు, వదులుగా' అని ఉంది. అబ్బ, ఎంత శ్రద్ధో అని పొంగిపోయింది పిచ్చితల్లి. రెండు రోజులు మిషను దిగకుండా కుట్టింది. నీలం, ఆకుపచ్చ, మీగడ రంగు. లోపల తిండి బాగా పెడతారుగా, ఒళ్లు చేస్తే సరిపోవాలని ఇంకాస్త వదులు వదిలింది. మూడు వారాలదాకా చూడ్డానికి రాకూడదన్నారు. ఇంటివాళ్లు కనపడితే మనసు వెనక్కి లాగుతుందట. ఫోనూ కుదరదు, ఆదివారం ఆదివారం వీడియో పంపుతాం, అది చూసుకోమన్నారు.

మొదటి ఆదివారం వచ్చింది వీడియో. నీలం చొక్కా, నున్నగా గీసిన గడ్డం. "అక్కా, బాగున్నాను. నిద్ర పడుతోంది." అంతే.

రెండో ఆదివారం ఆకుపచ్చ చొక్కా. ఈసారి మనిషి కాస్త నిండుగా కనిపించాడు. "అక్కా, ఆకలేస్తోంది, బాగా తింటున్నా." టైలరమ్మకి కాళ్లు నేలమీద ఆనలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ ఫోను చూపించింది. చూడండి, పదిరోజులకే ఎలా తేరుకున్నాడో! మొగుడి తాగుడుతో వేగుతున్న ఒకావిడకి అడ్రసు కూడా రాసిచ్చింది.

ఆ బుధవారం చలి ఒక్కసారిగా పెరిగింది. వాడికి స్వెటరు పెట్టలేదే అని గుర్తొచ్చి, షాపు మూయగానే మెరూన్ రంగు స్వెటరు పట్టుకుని బస్సెక్కింది. లోపలికి రానివ్వరని తెలుసు, గేటు దగ్గర ఇచ్చి వచ్చేద్దామని.

వాచ్‌మన్ పెద్దాయన. స్వెటరు తీసుకుని, మీవాడు ముందువైపు మేడమీద హాయిగా నిద్రపోతున్నాడమ్మా అని చెప్పాడు. ఆమె కళ్లు చూడకుండా చెప్పాడు. ఆమె అది పట్టించుకోలేదు.

వచ్చిన దారి పైపుల కోసం తవ్వేశారు, చుట్టూ తిరిగివెళ్తే చివరి బస్సు పోతుంది. వెనక సందులోంచి పోతానంది. ఆయన చప్పున తలెత్తాడు.

"వద్దమ్మా. తప్పదంటే... ఎవరు పిలిచినా పలక్కండి. మీవాళ్ల గొంతులానే ఉంటది. అస్సలు పలక్కండి."

సందులో లైటు లేదు. గోడ పొడుగునా చెయ్యి ఆనించుకుంటూ నడిచింది. చప్పుడంటే ఆమె నడుముకున్న తాళాలదే. సగం దూరం వచ్చాక పైన ఎత్తులో ఒక వెంటిలేటరు, దానికి అడ్డంగా రేకు.

"అక్కా..."

ఆగిపోయింది.

గొంతు ఎండిపోయినట్టుంది, బొంగురుగా ఉంది. కానీ వాడిదే... వాడి గొంతే. నోరు తెరవబోయింది. తెరిచేదే. అంతలో బుద్ధి చెప్పింది — వాడు మేడమీద నిద్రపోతున్నాడు, ఇప్పుడే విన్నావు. మొన్న ఆదివారమే చూశావు, నిండుగా, నవ్వుతూ. ఇది వాడు కాదు. మీవాళ్ల గొంతులానే ఉంటుందని ఆయన చెప్పనే చెప్పాడు.

"అక్కా... నువ్వేనా?"

లోపల్నుంచి గోడమీద కొట్టిన చప్పుడు. ఒకటి... రెండు...

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. ఊపిరి కూడా బయటికి పోనివ్వలేదు.

"పలకవే అక్కా."

పరుగు తీసింది. తాళాలు గలగలలాడుతూ సందు చివరిదాకా వెంట వచ్చాయి. బస్సులో కూర్చున్నాక కూడా చేతులు నోటిమీదే ఉన్నాయి. ఇంటికెళ్లి తలుపు గడియ వేసి, పలకలేదు, బతికిపోయాను అనుకుంది. తనకెంత గుండె ధైర్యమో అని కొంచెం గర్వం కూడా పడింది.

మూడో ఆదివారం వీడియో ఠంచనుగా వచ్చింది. మీగడ రంగు చొక్కా. మనిషి ఇంకా ఒళ్లు చేశాడు, భుజాలు నిండాయి, ఛాతీ పొంగింది. "అక్కా, నేను కొత్త మనిషినయ్యాను." అమ్మయ్య అనుకుంది. దెయ్యానికి బలే బుద్ధి చెప్పాను అనుకుంది. ఆనందం పట్టలేక మళ్లీ చూసింది. మళ్లీ చూసింది.

నాలుగోసారి చూస్తుండగా ఆమె కన్ను గడ్డం మీద పడింది. కింద ఎడమవైపు బ్లేడు కోసిన చిన్న గాటు, దానిమీద ఎర్రటి చుక్క, ఇంకా తడిగానే ఉంది. ఆకుపచ్చ చొక్కా వీడియో పెట్టి చూసింది. అదే గాటు, అదే తడి. నీలం చొక్కాలోనూ అంతే.

చివర్లో వాడు టాటా చెప్పడానికి చెయ్యెత్తాడు. అక్కడ ఆపింది. మీగడ రంగు కఫ్ కొంచెం జారింది. దానికింద ఆకుపచ్చ అంచు. ఆకుపచ్చ కింద నీలం అంచు. మూడూ ఆమె కుట్టినవే, ఒకదానిమీద ఒకటి.

ఒళ్లు చేయలేదు వాడు. చేరిన రోజే, చెయ్యి ఇంకా వణక్కముందే, గడ్డం గీసి, చొక్కామీద చొక్కా తొడిగి, మూడు ఆదివారాలూ ఒకే పూటలో తీసేశారు. అక్కడ చేరిన ప్రతివాడికీ అంతే.

ఆమె గేటు దగ్గరికి వెళ్లేసరికి వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద మెరూన్ స్వెటరు.

 స్వెటరు కొస పట్టుకుని నిలబడింది. ఆయన లేవబోయి లేవలేక ఏడ్చేశాడు. ఏడుస్తూనే అంతా కక్కేశాడు. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. వెనక కోళ్ల షెడ్డులో ఒక గది ఉంది, అదే శాంతి గది. తాగుడు ఒక్కసారిగా ఆగిపోయి ఫిట్సొచ్చే వాళ్లని గోడవార మంచానికి కట్టి అందులో పెడతారు. వాళ్లు దారిన పోయేవాళ్లని పిలుస్తారు. ఎవరూ పలక్కుండా ఆ దెయ్యం కథ ఊళ్లో పాకించమన్నది డైరెక్టరే, పాకించింది ఈయనే. పాలవాణ్ణి కూడా ఈయనే పుట్టించాడు. గురువారం తెల్లారకముందే వ్యాను వచ్చి ఆమె తమ్ముడి శవాన్ని తీసుకెళ్లిపోయింది. ఇంటికి సోమవారం చెబుదామనుకున్నారు. వీడియోలు పంపే అమ్మాయికి ఆ మాట చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

"నేను పారిపోయాక... మళ్లీ పిలిచాడా బాబాయ్?"

వాచ్‌మన్ నేలచూపులు చూశాడు.

"లేదమ్మా. నీళ్లిద్దామని వెళ్తే ష్ అన్నాడు. అక్క వచ్చింది, తాళాలు విన్నా, మలుపు తిరిగి గేటువైపు వస్తోంది, మాట్లాడకు అన్నాడు. గోడకి చెవి ఆనించుకుని... ప్రాణం పోయేదాకా అట్టాగే ఉన్నాడు."

ముందువైపు బోర్డు ఈమధ్య మార్చారు. ఏడుగురు డాక్టర్ల పక్కన ఇప్పుడు నిండుగా ఒళ్లు చేసిన ఒకతను, మీగడ రంగు చొక్కాలో చెయ్యెత్తి నవ్వుతున్నాడు. 'మూడు వారాల్లో కొత్త మనిషి' అని కింద రాశారు.

వెనక సందుకి జనం ఇంకా భయపడుతూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు పిలుపు వినపడదట. చీకటి పడ్డాక ముందు తాళాల గలగల, తర్వాత ఒక ఆడగొంతు... ఎవరూ పిలవకుండానే, "ఆఁ తమ్ముడూ, పలుకుతున్నా... ఇక్కడే ఉన్నా," అంటుందట.