నలభై రెండు దగ్గర ఏడ్చే మీటరు

గాజువాక దాటి స్టీలు ప్లాంటు క్వార్టర్లకి వెళ్ళే వెనక రోడ్డులో పాత పంపుహౌసు ఒకటుంది. రాత్రిపూట దాని పేరెత్తితే చాలు, షిఫ్టు దిగొచ్చే మగాళ్ళు మాట మార్చేస్తారు.

తలుపుల్లేవు. మోటార్లు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలింది నుయ్యి ఒకటి, దాని మీద తుప్పు పట్టిన ఇనప జాలీ ఒకటి. ఆ నూతిలోనే పంపు ఆపరేటరు పెళ్ళాం చిలకమ్మ పడిపోయిందట. తనే పడిందో, ఎవరైనా తోశారో... ఆ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పేదల్లా ఒకటే — చీకటి పడ్డాక ఒంటరిగా బండి మీద అటు వెళ్తే, వెనక సీటు గనక ఖాళీగా ఉంటే, చిలకమ్మ ఎక్కి కూర్చుంటుంది!

ఎక్కగా చూసినవాడు ఒక్కడూ లేడు లెండి. చూసినవాణ్ణి ఎరిగినవాళ్ళు మాత్రం వందమంది ఉన్నారు. అయినా సరే, అందరిదీ ఒకటే పద్ధతి. మలుపు ఇంకా కాస్త దూరం ఉందనగానే బండి ఆపి, క్యారేజీ సంచీ తీసి వెనక సీటుకి తాడుతో కట్టేస్తారు. "ఖాళీ లేదు తల్లీ, ఇంకో బండి చూసుకో" అన్నట్టు. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా కడతారు... కాకపోతే ఎవరూ చూడకుండా.

ఒక్క మనిషి మాత్రం కట్టేవాడు కాదు. రోలింగు మిల్లులో పనిచేసే అచ్యుతరామయ్య.

కట్టకపోవడమే కాదు. సీటు మీద సంచీ ఉంటే ఆ మలుపు ముందు ఆగి, విప్పి, తన మెళ్ళో వేసుకునేవాడు. సీటు మీద దుమ్ముని అరచేత్తో తుడిచేవాడు. అప్పుడు గానీ బండి కదిపేవాడు కాదు.

ధైర్యమనుకునేరు! ఇంట్లో బల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషి అతను. మరెందుకంటే, ఆ మలుపులో అతని వెనక ఎక్కేది చిలకమ్మ కాదని అతని నమ్మకం. ఆవిడ పేరు కామేశ్వరి. అతని భార్య.

గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చిన కొత్తలో కొన్న బండి అది. పెళ్ళాన్ని ఎక్కించుకుని ఆ బండి మీద అతను తిరగని చోటు లేదు. కామేశ్వరికి స్పీడంటే భయం. వెనక కూర్చుని, అతని భుజం మీద నుంచి తొంగి చూసి మీటరు చదువుతూ ఉండేది. "ముప్ఫై అయిదు... నలభై అయిపోయిందండీ, నెమ్మది!" బండి నడిపేది తనో, ఆవిడో తెలిసేది కాదని నవ్వేవాడు అచ్యుతరామయ్య.

రెండేళ్ళ కిందట సింహాచలం వెళ్ళి దర్శనం చేసుకుని, చీకటి పడ్డాక తిరిగొస్తున్నారు. సరిగ్గా పంపుహౌసు మలుపులో — "నలభై రెండండీ... నెమ్మది" అంది కామేశ్వరి.

తగ్గించాడు.

ఆవిడ తల అతని వీపుకి ఆనింది. మెట్లెక్కి అలిసిపోయింది, కునుకు పట్టింది కాబోలనుకున్నాడు. లేపడం ఇష్టం లేక గతుకులు తప్పించుకుంటూ, మెల్లగా, మెల్లగా తీసుకొచ్చాడు. నాలుగు కిలోమీటర్లు. క్వార్టరు ముందు బండి ఆపి, "ఇల్లొచ్చింది, దిగవే" అన్నాడు.

ఆవిడ దిగలేదు.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఎక్కడ ఆగిందో, ఏ గతుకు దగ్గర ఆగిందో ఎవరికి తెలుసు? వెనకే ఉందనుకున్నాడు. లేని మనిషిని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లల్లేరు. ఆ రాత్రి నుంచి క్వార్టర్లో వండుకునేదీ ఒక్కడే, తినేదీ ఒక్కడే. ఆ నెలలోనే మీటరు లోపలి బల్బు మాడిపోయింది. చదివేవాళ్ళే లేనప్పుడు దీపమెందుకని దాన్ని అలాగే వదిలేశాడు.

ఆర్నెల్లు పోయాక ఒక రాత్రి... పంపుహౌసు మలుపులో...

కీ...య్. కీ...య్.

సన్నగా. చెవి పక్కనే. అచ్యుతరామయ్య ఒళ్ళు జలదరించింది. చెయ్యి దానంతటదే స్పీడు తగ్గించింది. తగ్గించగానే ఏడుపు ఆగిపోయింది!

మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. స్పీడు పెంచితే వస్తుంది, తగ్గిస్తే ఊరుకుంటుంది. ఇంకెవరు మరి? అతన్ని అలా తగ్గించమనే మనిషి ప్రపంచంలో ఇంకొకరెవరున్నారు?

అప్పటి నుంచి అతనికి రాత్రి షిఫ్టు దిగడమంటే ఆత్రం. వినడం, తగ్గించడం. మళ్ళీ కొంచెం పెంచడం... మళ్ళీ వినడం. "ఉన్నావా?" అని గొణుక్కోవడం. ఊరంతా అక్కడ దెయ్యముందేమోనని భయపడితే, అతనికి ఒకటే భయం — లేదేమోనని.

ఆ భయం నిజం చేసినవాడు మోహనకృష్ణ. మిల్లులో అతనితో పాటు పనిచేసే కుర్రాడు, గాజువాక వాడే. ఒక రాత్రి తన బండి పంచరైతే అచ్యుతరామయ్య వెనక ఎక్కాడు. మలుపు వచ్చింది. ఏడుపూ వచ్చింది. అచ్యుతరామయ్య ఊపిరి బిగబట్టాడు.

మోహనకృష్ణ పకపకా నవ్వాడు.

"ఏటి బాబాయ్, ఎన్నాళ్ళనుంచి ఇలాగేడుత్తంది? మీటరు కేబులు ఎండిపోనాది! గ్రీజు ముఖం సూసి ఎన్నేళ్ళయిందో పాపం. వన్ టౌన్లో మీటర్ల మొహియుద్దీన్ ఉన్నాడు, అట్టుకెళ్ళు."

అచ్యుతరామయ్య అతన్ని దింపి ఇంటికొచ్చాడు. పది రోజులు నిద్రపోలేదు. అడిగి తెలుసుకుంటే ఆవిడ పోతుంది. అడక్కపోతే మనసు ఊరుకోదు. చివరికి వారపు సెలవు రోజున, మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా బండి తీశాడు.

*

వన్ టౌన్లో ఒక ఇరుకు సందులో, మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయే కొట్టు మొహియుద్దీన్‌ది. గోడల నిండా పాత మీటర్లే. ఒకటి ఇరవై దగ్గర ఆగింది, ఒకటి అరవై దగ్గర. డెబ్భై ఏళ్ళ ముసలాయన. కళ్ళద్దాలు నుదుటి మీద, నోట్లో వక్కపలుకు.

"ముందు నాను ఇనాలి సాబ్. ఇనకుండా ఏ మీటరూ ఇప్పను" అన్నాడు.

"ఇక్కడ వినపడదండీ... అక్కడే, పంపుహౌసు దగ్గరే..." అని నీళ్ళు నమిలాడు అచ్యుతరామయ్య.

ముసలాయన చిన్నగా నవ్వాడు. ముందు చక్రం దగ్గర కేబులు కొస విప్పి, దాన్ని బల్ల మీదున్న ఒక కుట్టు మిషను మోటారుకి తగిలించాడు. "మా ఇంటావిడది సాబ్. కరీమున్నీసా. రవికెలు కుట్టీది. ఆవిడెళ్ళిపోనాది, మోటారు ఉండిపోనాది." కాలితో పెడలు నొక్కాడు.

కదలకుండా నిలబడ్డ బండిలో ముల్లు లేచింది. ఇరవై... ముప్ఫై... నలభై...

నలభై రెండు.

కీ...య్.

పట్టపగలు. ఆ సందులో, చేపల బుట్టలు మోసుకెళ్ళే జనం మధ్య, కుట్టు మిషను మోటారు మీద కామేశ్వరి ఏడ్చింది.

మొహియుద్దీన్ పెడలు వదిలాడు. ఏడుపు ఆగింది.

"దొరికింది సాబ్! పంపుహౌసూ నేదు, ఏటీ నేదు. పోర్టు రోడ్డంతా లారీలు, గాజువాకంతా గోతులు. మీరు నలభై దాటేది ఆ ఒక్క సోటే. అందుకే అక్కడ..."

"ఇంకొక్కసారి" అన్నాడు అచ్యుతరామయ్య.

"ఏటి?"

"ఇంకొక్కసారి వినిపించండి."

అతని మొహం చూశాక ముసలాయన పెడలు మీద కాలు పెట్టాడు. మళ్ళీ నొక్కాడు. అచ్యుతరామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత అంతా చెప్పేశాడు — సింహాచలం, మలుపు, వీపుకి ఆనిన తల, నాలుగు కిలోమీటర్లు. రెండేళ్ళలో ఎవరికీ చెప్పనివి, ముక్కూ మొహం తెలియని ఆ ముసలాయనకి చెప్పుకుని బావురుమన్నాడు.

మొహియుద్దీన్ అద్దాలు తుడుచుకున్నాడు.

"గ్రీజు ఎడితే ఈ గొంతుండదు సాబ్. ఎట్టకపోతే నెల తిరక్కుండా తీగ తెగిపోద్ది... అప్పుడూ ఉండదు. ఏటి సెయ్యమంటారు?"

"ఆ ఏడుపు తీసేయండి" అన్నాడు అచ్యుతరామయ్య.

కేబులు రాత్రంతా కిరసనాయిల్లో నానాలి, రేపొచ్చి బిగించుకోమన్నాడు ముసలాయన. కేబులు లేనిదే ముల్లూ కదలదు, అంకెలూ తిరగవు. దాన్ని ఊడదీశాక, అది దూరే మీటరు మెడలో దుమ్ము చేరకుండా లక్క కరిగించి పోసి, దాని మీద తన వెండి ఉంగరం నొక్కాడు. అది ఆయన పద్ధతి. తన కొట్లో మీటరు వెనక్కి తిప్పేస్తారని ఎవడో అభాండం వేశాడట ఒకప్పుడు. అందుకే బండి తిరిగిన కిలోమీటర్ల అంకెలు కూడా బండివాడి ఎదుటే పైకి చదివి, అట్టముక్క మీద రాసి, మేకుకి తగిలిస్తాడు.

"ఎనభై ఎనిమిది వేల నాలుగు వందల ముప్ఫై ఒకటి. సూసుకున్నారు కదా సాబ్?"

అచ్యుతరామయ్య చూడకుండానే తలూపాడు.

*

పంపుహౌసు మలుపు చేరేసరికి బాగా చీకటి పడింది. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. రోడ్డు మీద పురుగు లేదు.

ఆగాడు. సెలవు రోజు కనక విప్పడానికి సంచీ లేదు; అలవాటు కొద్దీ సీటు తుడిచాడు.

బయల్దేరాడు. స్పీడు పెంచాడు... ఇంకా పెంచాడు... చెవులు రిక్కించాడు.

ఏమీ లేదు.

ఇంజను చప్పుడు, గాలి. అంతే. మీటరు చీకటిగా ఉంది.

"కామేశ్వరీ..."

ఏమీ లేదు.

"భయం వెయ్యట్లేదూ? చూడు, ఎంత స్పీడు పోతున్నానో... నెమ్మది అనవే! ఒక్కసారి అనవే!"

పంపుహౌసు వెనక్కి వెళ్ళిపోయింది. మలుపు అయిపోయింది. దెయ్యం కూడా లేని రోడ్డు మీద అచ్యుతరామయ్య ఏడుస్తూ స్పీడు తగ్గించుకున్నాడు. మిగిలిన దారంతా గతుకులు తప్పించుకుంటూ మెల్లగా పోయాడు. క్వార్టరు ముందు బండి ఆపి, కాసేపు దిగకుండా అలాగే కూర్చున్నాడు. ఎంత ఒంటరివాడైపోయాడో అతనికి ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు పొద్దున్న అన్నం క్యారేజీ సర్దుకున్నాడు. కొట్టు నుంచి అటే షిఫ్టుకి పోవచ్చని. సంచీ తెచ్చి, రెండేళ్ళలో మొదటిసారి, మలుపులో విప్పే ఆలోచన లేకుండా వెనక సీటు మీద పెట్టాడు. తాడు గట్టిగా బిగించి మూడు ముళ్ళు వేశాడు. ఇంక ఎవరి కోసం ఖాళీగా ఉంచాలి?

*

"ముసలిదాన్ని పడుసుపిల్లని సేసేసినాను సాబ్!" అంటూ నల్లగా మెరిసే కేబులు పట్టుకొచ్చాడు మొహియుద్దీన్. మేకు మీది అట్టముక్క తీసి, పద్ధతి ప్రకారం మీటరు మీదకి వంగాడు.

ఆగిపోయాడు.

నుదుటి మీది అద్దాలు కళ్ళ మీదకి లాక్కున్నాడు. అట్టముక్క చూశాడు. మీటరు చూశాడు.

"సాబ్... రాత్రి ఇంకో కేబులేదైనా తగిలించినారా?"

"లేదండీ. సరాసరి ఇంటికెళ్ళాను. పొద్దున్నే ఇలా వచ్చాను."

ముసలాయన కింద కూర్చుని, మెడ కిందికి తల పెట్టి మీటరు అడుగు చూశాడు. లక్క అలాగే ఉంది. దాని మీద ఉంగరం ముద్ర అలాగే ఉంది, గీత కూడా పడలేదు.

"నిన్న ముప్ఫై ఒకటి, సాబ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఇయాల... ముప్ఫై ఐదు."

సందులో ఎవడో హారను కొడుతున్నాడు. ఇద్దరికీ వినపడలేదు.

వన్ టౌన్ నుంచి ఇంటి దాకా లెక్కయితే పాతిక పైన తిరగాలి. మళ్ళీ రావడానికి ఇంకో పాతిక. తిరిగింది నాలుగే.

"నాలుగు" అన్నాడు అచ్యుతరామయ్య.

రెండేళ్ళ కిందటి ఆ రాత్రీ అంతే కదా. మలుపు నుంచి ఆ నాలుగు కిలోమీటర్లూ ఆవిడ పలకలేదు. పలక్కుండానే ఇంటిదాకా వచ్చింది!

మెల్లగా వెనక్కి తిరిగాడు. వెనక సీటు మీద క్యారేజీ సంచీ. మూడు ముళ్ళు.

"అయ్యో... అయ్యయ్యో..." అంటూ తాడు మీద పడ్డాడు. ముడి ఊడదే! పళ్ళతో లాగాడు. సంచీ తీసి మెళ్ళో వేసుకున్నాడు. సీటుని అరచేత్తో తుడిచాడు, ఆ తర్వాత చొక్కా అంచుతో మళ్ళీ తుడిచాడు.

"కేబులు బిగించనా సాబ్?" అని అడిగాడు మొహియుద్దీన్, వినపడీ వినపడనట్టు.

"వద్దండీ."

బండి స్టార్టు చేశాడు. వెంటనే కదపలేదు. వెనక మనిషి ఎక్కి చీర సర్దుకునేదాకా ఆగే మగాడిలాగా, రెండు కాళ్ళూ నేలకి ఆన్చి, కదలకుండా నిలబడ్డాడు.

"కూర్చున్నావా?" అన్నాడు. "నలభై దాటనులే. పట్టుకో."