జోబ్ పెదనాన్న రొట్టెల వ్యాను

మా ఊరి కూడలి దగ్గర మూతపడ్డ రొట్టెల కొట్టు ఉంది. దాని వెనక ఒక షెడ్డు. చీకటి పడ్డాక ఆ పక్కకి ఎవరూ పోరు. పోస్టు అతను కూడా పొలాల మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాడు.

షెడ్డులో ఉన్నది జోబ్ పెదనాన్న వ్యాను. అరవై నాలుగులో కొన్న సిత్రోయెన్ కంపెనీ బండి. ముడతల రేకు ఒళ్ళు, పంది మూతి లాంటి ముందు భాగం, పక్క రేకు పైకెత్తితే అదే అంగడి. పారిస్ నుంచి పాత బండ్ల పిచ్చోళ్ళు వచ్చి దాని చుట్టూ ప్రదక్షిణాలు చేసేవాళ్ళు. ఏం బండండీ అది! నలభై ఏళ్ళు ఊరూరా రొట్టెలు మోసింది, ఒక్కనాడు దారిలో ఆగి పరువు తీయలేదు.

జోబ్ పెదనాన్న డిసెంబరు ముప్పై ఒకటిన పోయాడు. అదే కొంప ముంచింది. ఫ్రాన్సు పడమటి కొసన, మా బ్రిటనీలో, ఏడాదిలో ఆఖరున పోయినవాడు మరుసటేడంతా చావు బండి తోలాలి. ఆ బండి ఒక ఇంటి ముందు మూడు సాయంత్రాలు ఆగుతుంది. మూడోసారి మనిషిని తీసుకుపోతుంది. పూర్వం అది గుర్రబ్బండి... కానీ జోబ్ పెదనాన్న తన వ్యాను తప్ప ఇంకోటి ముట్టుకుంటాడా?

జనవరిలో మా అన్న తాంగీకి నిమోనియా వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, ఇద్దరు చంటిపిల్లలు. సోమవారం ఆరున్నరకే చిమ్మచీకటి — మా గుమ్మం ముందు ఆ ఇంజను చప్పుడు! పుట్టినప్పటి నుంచీ వింటున్నదే, పొరబడతానా? తలుపు తీస్తే... రోడ్డు ఖాళీ.

మంగళవారం మళ్ళీ. ఈసారి నేరుగా షెడ్డుకి పరుగెత్తాను. బండి దాని చోటనే ఉంది. బానెట్టు మీద చెయ్యి పెట్టాను... చుర్రుమంది.

బుధవారం పొద్దున్నే ఊళ్ళో మగాళ్ళు పెట్రోలు డబ్బా పట్టుకుని బయల్దేరారు, తగలబెట్టేద్దామని. జోబ్ పెదనాన్న భార్య సొవాజిగ్ పెద్దమ్మ అడ్డంగా నిలబడింది. డెబ్బై ఆరేళ్ళు, ఐదడుగులు కూడా ఉండదు.

"నా బండి మీద చెయ్యేస్తే చేతులు విరగ్గొడతా! పొండి, మీ పనులు చూసుకోండి!"

"మరి మా అన్న, పెద్దమ్మా?" నాకు ఏడుపొచ్చేసింది.

"మీ అన్న పోడు. నేను చూసుకుంటాగా."

అని బానెట్టు ఎత్తింది. సంతలో బండి నిలిపితే, ఎవడూ ఎత్తుకుపోకుండా ఇంజను లోంచి రోటరు తీసి జేబులో వేసుకోవడం పెదనాన్న అలవాటు. ఇంత బుల్లి ముక్క, అది లేకపోతే ఇంజను అంటుకోదు. పెద్దమ్మ దాన్ని ఊడబీకి తన జేబులో పడేసుకుంది.

ఆ సాయంత్రం నేను షెడ్డు పక్కనున్న ఆవిడ వంటింట్లోనే కూర్చున్నాను. ఆరున్నర... షెడ్డులో సెల్ఫు మోగింది. గర్ర్ ర్ర్... ఆగింది. మళ్ళీ... మళ్ళీ... ఆ తర్వాత ఇంజను అంటించే ఇనప హ్యాండిలు తిప్పుతున్న చప్పుడు. అదీ ఆగిపోయింది.

ఇంతలో తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు.

"సొవాజిగ్..." ఆయన గొంతే! "ఇచ్చెయ్యవే..."

"ఇవ్వను."

"ఈ ఏడు ఒక్కరైనా పోకపోతే ఈ చాకిరీ నా మెడ మీంచి దిగదే... వచ్చే ఏడూ నేనే..."

"చెయ్యి! నన్నొక్కదాన్నీ వదిలేసి పోయావు కదా, అనుభవించు. రోజూ వచ్చి షెడ్డులో కూర్చో. పిల్లలున్నవాడి జోలికి మాత్రం వెళ్ళకు."

 తర్వాత పెద్ద నిట్టూర్పు — ఆవిడ దగ్గర ఓడిపోయినప్పుడల్లా విడిచేదే. అడుగులు షెడ్డు వైపు వెళ్ళిపోయాయి.

గురువారం తాంగీకి జ్వరం దిగింది, లేచి కూర్చుని సూపు అడిగాడు. ఆ ఏడు మా ఊళ్ళో ఒక్కరూ పోలేదు. మరుసటేడూ లేదు. పెద్దమ్మ రోటరు జేబులోనే పెట్టుకుని, రోజూ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి బండి తుడుస్తుంది.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "రేపు నీకే ఏదైనా అయితే ఎలా పెద్దమ్మా?"

"ఎలా ఏముంది? ఇంకెవరూ పోరు కాబట్టి ఆ ఏడు ఆఖరున పోయేది నేనే. బండి నాది!" అద్దం తుడుస్తూనే అంది. "నలభై ఏళ్ళు బతిమాలినా ఒక్కసారి స్టీరింగు ముట్టుకోనివ్వలేదు ఈ మనిషి. ఇక జరగమను!"

లోపల డ్రైవరు సీటు కిర్రుమంది... కాసేపాగి, పక్క సీటు కిర్రుమంది.