బూట్లేసుకున్న దెయ్యం

రంగుల ఫ్యాక్టరీలో మూడో షెడ్డు పేరెత్తితే చాలు, పేటలో మీసాలు మెలేసే మగాళ్లు కూడా గొంతు తగ్గించేవాళ్లు. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. తప్పనిసరై పోవాల్సి వస్తే గోడవారగా, తల వంచుకుని... లోపల ఏ చప్పుడైనా విననట్టే పోతారు.

తెల్లదొరల ఏలుబడి రోజులవి. ఆ షెడ్డులో మనిషి లోతు నీలిరంగు తొట్టి ఉంది. రాత్రిపూట చల్లారితే రంగు చెడుతుంది కాబట్టి పడుకోబోయే ముందు ఎవరో ఒకరు వెళ్లి దానిమీద గోనెపట్టాలు కప్పి రావాలి. ఈ భయం పుట్టిన రాత్రి వంతు ఓ ఇంటి కోడలిది. వెళ్లింది— తిరిగి రాలేదు. తెల్లారేసరికి తొట్టిలో తేలింది.

మెడ మీద వేళ్ల గుర్తులున్నాయి. మొగుడే అనుమానంతో చంపాడని మేనేజరు దొర చెప్పాడు. పోలీసులు మొగుణ్ని పట్టుకుని చేతులు చూశారు. మోచేతుల దాకా నీలం. ఇంకేం సాక్ష్యం కావాలన్నారు! పేటలో ఎవరి చేతులు చూసినా అదే రంగని వాళ్లకి చెప్పే దమ్ము ఒక్కడికీ లేకపోయింది.

ఒక్క అతని చెల్లెలికి తప్ప. తడిగుడ్డలు తాళ్ల మీద ఆరేసే పని ఆవిడది. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ గయ్యాళే. "ఆ రాత్రి మా అన్న నా కళ్లెదుట గురకపెట్టి నిద్రపోయాడు" అని స్టేషన్లో గొంతు చించుకుంది. చెల్లెలి మాట చెల్లదు పొమ్మన్నారు. ఇంకో వారంలో అతన్ని పెద్ద కోర్టుకి తరలిస్తారు. అక్కడికెళ్లినవాళ్లు ఉరికంబం ఎక్కడమే గాని ఇల్లు చేరింది లేదు.

ఈలోగా పేటలో దెయ్యం పుట్టింది.

మొదట చూసింది ఫ్యాక్టరీ కాపలా ముసలాయన. "తెల్లటి బట్టలమ్మా... గెడ పెట్టి తొట్టంతా కెలుకుతుంది. టకటకా నడుచుకుంటూ బంగళా వైపు పోతుంది" అన్నాడు గుసగుసగా.

"దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయని విన్నాను. బూట్లు కూడా ఉంటాయా తాతా?" అంది గయ్యాళి.

ముసలాయన నేల చూశాడు.

మేనేజరు దొర బంగళాలో బట్టలుతికే ఆవిడ ఇంకోటి చెప్పింది. "దొర దిండునీ వదల్లేదే ఆ దెయ్యం. గలీబు మీద నీలం వేలిముద్రలు. పాపం, దొర దాన్ని తాకాల్సొస్తుందని కాబోలు, భోజనం దగ్గర కూడా చేతితొడుగులు తియ్యట్లేదట." ఆ మాట అని ఊరుకోక, "అయినా నీకెందుకే ఈ గొడవంతా? బతికున్నన్నాళ్లూ మీ వదినతో రోజూ కయ్యమేగా" అంది.

"ఆడబిడ్డ అర్ధమొగుడన్నారుగా. నిండు మొగుడు జైల్లో ఉన్నాడు. మిగిలిన సగం నేనే."

గయ్యాళికి అప్పుడే అంతా తెలిసిపోయింది, తెలిసేసరికి ఒళ్లు భగ్గుమంది. తొట్టిలో నీళ్లు నీలంగా ఉండవు, లేత పచ్చగా ఉంటాయి. గుడ్డయినా చెయ్యయినా పైకి తీశాక గాలి తగిలి నీలమెక్కుతుంది. తుడిచేసుకున్నాను, పోయింది అనుకుంటే కాసేపటికి మళ్లీ తేలుతుంది. అరుగు మీద కూచుని అజమాయిషీ చేసే దొరకి ఆ సంగతేం తెలుసు?

పేటలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఆవిడ కడుపు రగిలింది అందుకే. వీళ్లంతా చూశారు. వీళ్లందరికీ తెలుసు. దొర అనడానికి నోరు రాక దెయ్యం అన్నారు.

"నువ్వు చూసింది దొరనేనని కోర్టుకొచ్చి చెప్పు తాతా" అంది కాపలా ముసలాయన దగ్గరకెళ్లి.

"నాకూ పెళ్లాం పిల్లలున్నారమ్మా..."

"మా వదినకీ మొగుడున్నాడు" అని విసురుగా వెళ్లిపోయింది.

సాయంత్రం స్టేషన్లో అన్నకి కూడు పట్టుకెళ్లినప్పుడు పోలీసు దొర వరండాలో చుట్ట కాలుస్తున్నాడు. పేటలో దెయ్యం తిరుగుతోందని చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. "అన్నీ మీ పిచ్చి భయాలు" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"అయితే ఓసారి వచ్చి చూడండి దొరగారూ. మీకూ భయమైతే వద్దులెండి."

అతని నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రి...

షెడ్డులో పులిసిన రంగు కంపు. గోనెల గుట్ట వెనక గయ్యాళి, పక్కన పోలీసు దొర, అతని కోటు చాటున లాంతరు. ఎంతసేపు కూచున్నారో— తలుపు కిర్రుమంది.

టక్... టక్... టక్...

తెల్లగా ఓ ఆకారం తొట్టి దగ్గర ఆగింది. గెడ నీళ్లలోకి దిగింది. గయ్యాళికి ఒక్క క్షణం వదినే అనిపించింది... వదినే అయితే ఎంత బాగుండును, వెళ్లి కాళ్లు పట్టుకునేది.

గెడ కొక్కేనికి ఏదో తగిలి పైకొచ్చింది.

పోలీసు దొర లాంతరు ఎత్తాడు.

మేనేజరు దొర! చేతితొడుగులు తొట్టి గట్టు మీదున్నాయి. గోళ్ల నిండా నీలం. అతని చేతిలో నీళ్లు కారుతున్న జేబుగడియారం, దాని గొలుసుకి చిక్కుకుని... ఓ పొడుగాటి జుట్టుపాయ.

దొరలిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు, క్షేమసమాచారాలు అడుగుతున్నంత తాపీగా. తర్వాత పోలీసు దొర ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వు చూసింది దెయ్యం. ఇక్కడ మనిషెవరూ లేరు. అర్థమైందా?"

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. ఎదురుగా నిండు తొట్టి, గట్టు అంచున నిలబడ్డ వాడు. ఒక్క తోపు చాలు. కానీ తోస్తే అన్న ఉరి ఖాయం. పళ్లు బిగబట్టుకుంది.

"అర్థమైంది దొరగారూ. మా వదిన్ని చంపింది దెయ్యమే. మీరూ చూశారు, నేనూ చూశాను. మరి దెయ్యం చేసిన హత్యకి మా అన్ననెలా ఉరి తీస్తారు?"

అప్పుడే బయట ఎవరో దగ్గారు.

పోలీసు దొర లాంతరు అటు తిప్పాడు. గుమ్మం నిండా జనం. కాపలా ముసలాయన, బట్టలుతికే ఆవిడ, వాళ్ల వెనక పేటంతా. ఈ రాత్రి పోలీసు దొర దెయ్యాన్ని పడతాడని స్టేషన్ నుంచి తిరిగొస్తూనే ఆవిడ ఇంటింటికీ చెప్పొచ్చింది. న్యాయం చెప్పమంటే ఒక్కరూ కదల్లేదు గాని, తమాషా అంటే అందరూ తరలొచ్చారు. వాళ్ల కళ్లన్నీ ఆ గోళ్ల మీదే ఉన్నాయి. ఎవరూ నోరు విప్పలేదు. ఎవరూ అక్కణ్నుంచి కదల్లేదు కూడా.

పోలీసు దొర లాంతరు దించేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అన్న ఇంటికొచ్చాడు. గోడకి ఆనుకుని కూచుని, వదిన గోనెపట్టాలు మోసే చుట్టకుదురుని ఒళ్లో పెట్టుకున్నాడు. అతన్ని చూసి గయ్యాళి మొదటిసారి ఏడ్చింది. నిండు మొగుడు బతికి బయటపడ్డాడు, వదినకి మాత్రం ఏమీ దక్కలేదు.

మేనేజరు దొరకి ఒంట్లో బాగాలేదని ఆ వారంలోనే స్వదేశం పంపించేశారు.

కాపలా ముసలాయన గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "పోనీలేమ్మా... పేటని పట్టిన దెయ్యం వదిలింది."

గయ్యాళి కళ్లు తుడుచుకుని లేచింది.

"వదల్లేదు తాతా. ఓడెక్కించి పంపారు. అది దిగే ఊళ్లోనూ ఆడవాళ్లుంటారు."