మిల్లు బావి గురించి ఒక సవరణ

చిలకలూరిపేట దాటాక హైవే మీంచి ఎడమపక్క మట్టిరోడ్డు దిగితే మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటుంది. దాని వెనక ఒక బావి. పొద్దుగూకితే ఆ దారిన లారీ కాదు కదా, తాగినవాడు కూడా పోడు. బావిలోంచి ఆడమనిషి దగ్గు వినిపిస్తుందట... పత్తి దుమ్ము గొంతులో ఇరుక్కున్న దగ్గు.

ఆ దగ్గుని ఆ బావిలో పెట్టింది ఎవరో నాకు తెలుసు. నా దగ్గర టైపు నేర్చుకున్న పిల్లే — ఫిజా.

నేను కనకలక్ష్మిని. పాతికేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. మిషన్లు తుప్పు పట్టాక కంప్యూటర్లు తెచ్చిపెట్టి, నెట్ సెంటర్ అని బోర్డు మార్చాను. కుర్రాళ్ళంతా చాటింగుల్లో మునిగి తేలుతుంటే, ఈ పిల్ల మాత్రం మూల కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగులో బ్లాగు రాసేది. పేరు 'రాత్రి షిఫ్టు'. లారీ డ్రైవర్లు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు, పత్తి కూలీలు... ఎవరేం చెబితే అది, వాళ్ళ మాటల్లోనే రాసేది. పేపరువాళ్ళు మొహమైనా చూడని మనుషులు వాళ్ళంతా.

రాత్రి షిఫ్టని పేరెందుకంటే — వాళ్ళమ్మ రసూల్‌బీ ఆ మిల్లులో రాత్రి షిఫ్టుకి వెళ్ళి మళ్ళీ రాలేదు. తొంభై ఏడులో. ఫిజాకి అప్పుడు ఎనిమిదేళ్ళు. మిల్లు యజమాని రామకాంత్ తెల్లారేసరికల్లా ఊరంతా చెప్పేశాడు, ఎవడో లారీ డ్రైవర్‌తో లేచిపోయిందని. అంతే! పదకొండేళ్ళపాటు ఈ పిల్ల 'లేచిపోయినదాని కూతురు'. బడిలో, పెళ్ళిళ్ళలో, కుళాయి దగ్గర... ఎక్కడికెళ్ళినా అదే పేరు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

రెండువేల ఎనిమిదిలో ఒకరోజు దాని వెనకాల నిలబడి స్క్రీన్ మీదకి చూద్దును కదా... మిల్లు బావిలో దెయ్యం! రసూల్‌బీ దెయ్యం!

"ఏమే, నీకు బుద్ధుందా? కన్నతల్లిని దెయ్యం చేసి రాస్తావా? అసలు ఆవిడ బావిలో పడిందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. తప్పే రాశాను."

"కావాలనా?"

తలూపింది. "మా అమ్మకి ఏమైందని పదకొండేళ్ళు అడిగాను. ఒక్కళ్ళు నోరు విప్పలేదు. అదే నా బ్లాగులో తుపాను వచ్చిన తారీఖు ఒక్కరోజు తప్పు రాస్తే, నలభై మంది దిద్దారు. మనూళ్ళో అడిగితే చెప్పరు మేడమ్... తప్పు చెబితే మాత్రం ఆగలేరు."

గొంతు పెంచలేదు, ఏడవలేదు.

ఇక చూడండి, ఆ పోస్టు కింద కామెంట్ల వాన. ఒకడు దగ్గు విన్నానంటాడు, ఇంకొకడు కొంగు చూశానంటాడు. నెట్ తెలియనివాళ్ళ కోసం ప్రింట్లు తీసి టీకొట్లలో చదివించుకున్నారు. 'అజ్ఞాత' అని ఒకరు మాత్రం రెండే ముక్కలు రాశారు — 'అరుపు వినిపించింది మిల్లు లోపల్నించి. బావి దగ్గర కాదు.' ఫిజా ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూస్తూ కూర్చుంది.

రామకాంత్ అప్పటికే మిల్లు స్థలాన్ని ప్లాట్లు కొట్టి అమ్మడానికి రాళ్ళు పాతించాడు. దెయ్యం సంగతి పాకాక చూడటానికైనా ఒక్కడు రాలేదు. వాడికి పిచ్చెత్తిపోయింది. రాత్రిపూటే, ఊరందరి ముందూ బావి తోడిస్తాను, దెయ్యముంటే జుట్టు పట్టుకుని పైకి లాగుతాను అని సవాలు విసిరాడు.

నేను వెళ్ళలేదు, మోకాళ్ళ నొప్పులు. ఆ రాత్రి జరిగింది మిల్లు వాచ్‌మన్ ఆదాం చెప్పాడు.

రెండు ఇంజన్లు పెట్టి తోడారట. జనం రెండొందల మందికి పైనే. ఫిజా ముందు వరసలో, కెమెరా ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడింది. నీళ్ళు అడుక్కి దిగాయి... ఇంజన్లు ఆపారు... తాడుకి లైటు కట్టి లోపలికి వదిలారు.

బురద. తెగిన మిషను బెల్టు. చిల్లుపడ్డ బకెట్టు. అంతే.

రామకాంత్ పగలబడి నవ్వాడు. "చూశార్రా? ఏదిరా మీ దెయ్యం?"

వెనకనించి ఎవడో అన్నాడు, "ఇంజన్ల మోతకి ఇవాళ్టికి పక్కకి తప్పుకుందేమోలే! రేపు మళ్ళీ బావిలోకే వస్తుంది!" జనం గొల్లుమన్నారు.

అంతే, రామకాంత్‌కి ఒళ్ళు తెలియలేదు. "బావి, బావి, బావి! నా ప్రాణం తోడేస్తున్నారు కదరా! అది చచ్చింది బావిలో కాదురా!"

నవ్వులు ఆగిపోయాయి. లేచిపోయిందన్న మనిషి చచ్చిందెప్పుడు?... ఎవరూ కదల్లేదు. ఎవరూ దగ్గలేదు.

అప్పుడు — బావి వైపునించి, మెల్లగా, ఒక ఆడగొంతు.

"మరెక్కడ?"

"అరవలేదమ్మా," అన్నాడు ఆదాం. "కోపంగా కూడా లేదు. మంచినీళ్ళెక్కడ అని అడిగినట్టు అడిగింది."

రామకాంత్ బావి వైపు తిరిగాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"గింజల గోతిలో... కొంగు మిషన్లో పడింది... నేను చంపలేదు... కేసవుతుందని గోతిలో వేసి, పైన గచ్చు చేయించాను..."

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఏం లాభం?

పత్తి గింజలు పోసే ఆ గొయ్యి మీద గచ్చు మర్నాడు పోలీసులు పగలగొట్టారు. ఎముకలు, వాటి మధ్య నల్లపూసల దండ దొరికాయి. ఫిజా ఆ దండని గుర్తుపట్టింది. రామకాంత్ జైలుకి పోయాడు. అక్కడ వాడికి రాత్రంతా దగ్గేనట, ఏ డాక్టరుకీ అంతుపట్టలేదట. దగ్గనివ్వండి. పేగులు తెగేలా దగ్గనివ్వండి!

ఆ వారం 'రాత్రి షిఫ్టు'లో ఒకే ఒక్క పోస్టు. 'సవరణ: బావి అని రాయడం నా తప్పు. గింజల గొయ్యి. మా అమ్మ ఎవరితోనూ వెళ్ళలేదు.' దాన్ని మాత్రం ఎవరూ దిద్దలేదు.

ఇంకొక్క సంగతుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి తన ఫోనులో రికార్డయింది పోలీసులకివ్వాలని ఫిజా సీడీకి ఎక్కించమంటే, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నీళ్ళ చప్పుడు, నవ్వులు, ఈలలు, అన్నీ ఉన్నాయి. "...బావిలో కాదురా!" అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. మూడు క్షణాలు. వెంటనే — "గింజల గోతిలో..."

ఆ ప్రశ్న లేదు.

పదిసార్లు విన్నాను. సౌండు పూర్తిగా పెంచి విన్నాను. రెండొందల మంది విన్న మాట ఆ ఫోనులో లేదు.

"నిజం చెప్పవే," అన్నాను. "ఎవరు అడిగింది? నువ్వేనా?"

"నేను కాదు మేడమ్." ఫిజా హెడ్‌ఫోన్ల వైరు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"మా అమ్మ గొంతు ఎలా ఉండేదో చిన్నప్పుడే మర్చిపోయాను. ఆ రాత్రే గుర్తొచ్చింది."